లాక్‌డౌన్‌లో మా బాపు దినాలు: ఇరవై మంది లెక్కతో మేం పడ్డ గోస

మా బాపు 2021 మే 24, సోమవారం సాయంత్రం ఏడు దాటాక పోయాడు. కరోనాతో కాదు. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి మంచం పట్టాడు, ఆఖరి నెలలో తిండి తగ్గుతూ తగ్గుతూ చివరికి గంజి కూడా మింగలేకపోయాడు. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ రాత్రి నుంచి పదకొండో రోజు దాకా మేం ఎక్కువగా చెప్పుకోవలసి వచ్చిన మాట ఇదే. ఫోన్ ఎత్తిన ప్రతి మనిషీ "అయ్యో" అనే ముందు "కరోనానా?" అని అడిగారు. కొందరు అడగకుండా ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ఇంకా కష్టంగా ఉండేది.

ఇది రాస్తున్నది 2021 జూన్ నెలాఖరులో. 20 నుంచి లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. మూడో వేవ్ వస్తుందని అందరూ అంటున్నారు. వస్తే మళ్ళీ ఇవే రూల్స్ పెడతారు కాబట్టి, చావు జరిగిన ఇంట్లో అవి ఎట్లా నడుస్తాయో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. బాపు ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. మిల్లు మూతపడ్డాక ఇక్కడే జంపఖానాల మగ్గం మీద కూర్చున్నాడు. గల్లీలో సగం ఇళ్ళు ఆ మిల్లు వాళ్ళవే, ఒకరింట్లో చావంటే అందరింట్లో పొయ్యి ఆగేది. ఆ రోజు అట్లా జరగలేదు. అమ్మ ఏడుపు విని అందరూ బయటికి వచ్చారు గానీ ఎవరి గడప దగ్గర వాళ్ళు నిలబడ్డారు. మూడు రోజుల కింద అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇక్కడి ఎంజీఎం ఆసుపత్రికి వచ్చి కోవిడ్ వార్డు చూసి పోయారు. టీవీలో, వాట్సాప్‌లో అంతా అవే వార్తలు. మనుషులు ఎంత భయంలో ఉన్నారో నాకు తెలుసు. తెలిసినా ఆ పది అడుగుల దూరం తట్టుకోవడం నా వల్ల కాలేదు.

మొదట చేసిన పని డాక్టర్‌ను పిలవడం. బాపును ఎప్పుడూ చూసే ఆయనే. రెండు మాస్కులు వేసుకొని వచ్చి, చూసి, లెటర్ ప్యాడ్ మీద రాసిచ్చాడు: పాత పక్షవాతం, వయసు, చనిపోయిన టైము. 500 రూపాయలు తీసుకున్నాడు. ఆ కాగితం ఎంత పనికొస్తుందో అప్పుడు నాకు తెలియదు. ఫ్రీజర్ బాక్స్ వాళ్ళు అదే అడిగారు, తమ్ముడు జిల్లాలు దాటి రావడానికి తీసుకున్న ఈ-పాస్‌కు అదే కావలసి వచ్చింది, శ్మశానంలో మొదటి ప్రశ్న దాని గురించే, తర్వాత మరణ ధ్రువీకరణకు కూడా అదే పెట్టాం. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఏడుపు మధ్యలో అయినా సరే, ముందు ఆ కాగితం రాయించుకోండి. వెంటనే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ఎందుకంటే లాక్‌డౌన్‌లో పొద్దున పది దాటాక జిరాక్స్ షాపు ఉండదు.

ఫ్రీజర్ బాక్స్ కోసం ఫోన్ చేస్తే మొదటి ఆయన "మాకొద్దమ్మా" అని పెట్టేశాడు. రెండో ఆయన కాగితం ఫోటో పంపమన్నాడు, చూసి 7,000 అన్నాడు. మామూలు రోజుల్లో మా గల్లీ వాళ్ళు 3,000 ఇచ్చారని గుర్తు. బేరం ఆడే ఓపిక లేక సరేనన్నాం. బాక్స్ తెచ్చిన పిల్లాడు దాన్ని గేటు బయట దించాడు, లోపలికి రానన్నాడు. మా చిన్నాయన కొడుకులు మోసుకొచ్చారు. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. రోజుకు ఎన్ని ఇళ్ళకు తిరుగుతున్నాడో, వాళ్ళింట్లో ఎవరున్నారో.

తమ్ముడు మహారాష్ట్రలోని భీవండిలో పవర్‌లూమ్ నడుపుతాడు. అప్పుడు అక్కడా లాక్‌డౌనే, జిల్లా దాటాలంటే ఈ-పాస్ ఉండాలి. చావు అంటే ఇచ్చేవాళ్ళు గానీ ఆధారం అప్‌లోడ్ చేయాల్సి వచ్చేది. డాక్టర్ రాసిన కాగితం నేను పంపితే వాడు పెట్టాడు. రాత్రి పదకొండు దాటాక పాస్ వచ్చింది. కారు మాట్లాడుకుంటే రానూపోనూ కలిపి 24,000 అన్నాడు. ఎక్కేముందు ఫోన్ చేసి "అక్కా, నేనచ్చేదాక బాపును తీస్కపోవద్దు" అన్నాడు. అంటే మరునాడు మధ్యాహ్నం దాకా ఆగాలి.

ఇక అసలు కష్టం మొదలైంది. మే 12న లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి పెళ్ళికి 40 మంది, చావుకు 20 మంది అని రూలు. పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే తిరగనిచ్చేవాళ్ళు. రాత్రి చిన్నాయన, నేను, మా ఆయన కూర్చొని పేర్లు రాశాం. ఇరవై చాలా పెద్ద సంఖ్య అనిపిస్తుంది, రాసేదాకా. మోసేవాళ్ళు నలుగురు, కుండ పట్టే తమ్ముడు, పంతులు, చిన్నాయన కుటుంబం, మేనత్తలు ఇద్దరు, అమ్మ పుట్టింటి వాళ్ళు, వియ్యంకులు, కుల పెద్దమనిషి. పన్నెండో పేరు దగ్గరే మాటలు పెరిగాయి. మేనత్తను పిలిచి ఆమె కొడుకును వద్దంటామా? మిల్లులో బాపుతో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఆయన చుట్టం కాదు కాబట్టి లెక్కలో లేనట్టేనా? వంట చేసి తెచ్చే ఇంటివాళ్ళు ఇరవైలో వస్తారా, రారా? ఇరవై ఇంటికా, శ్మశానానికా, ఒక్కసారికా, రోజంతా కలిపా? చెప్పేవాళ్ళు లేరు.

ఎవరో ఒకరు ఫోన్ చేసి "రావద్దు" అని చెప్పాలి కదా. ఆ పని నా మీద పడింది. కొన్ని ఇళ్ళ వాళ్ళు వెంటనే అర్థం చేసుకున్నారు, ఆ గొంతులో కాస్త ఊరట కూడా వినబడింది. రావాలనీ ఉంది, భయమూ ఉంది, నేను వద్దంటే ఆ బరువు దిగిపోయింది. ఒక బావ మాత్రం "మా మామ సావుకు మేం అచ్చుడు నువ్వు చెప్తవా?" అన్నాడు. ఆయన ఇప్పటికీ మాట్లాడడం లేదు. ప్రభుత్వం పెట్టిన రూలే అయినా, ఆయన దృష్టిలో వద్దన్నది నేనే. పెళ్ళయితే కార్డు వేసే ముందు ఆలోచించుకునే టైమన్నా ఉంటుంది. చావు ఇంటివాళ్ళకు ఆ ఒక్క రాత్రే ఉంటుంది.

మే 25 పొద్దున ఆరు కొట్టకముందే జనం మొదలయ్యారు. నేను వద్దన్నవాళ్ళు కూడా వచ్చారు. ఇది నేను ఊహించలేదు. మామూలుగా చావు కబురు తెలిస్తే రోజంతా ఒకరొకరుగా వస్తారు, పోతారు. ఇప్పుడు పదింటిలోపు ఇల్లు చేరాలి కాబట్టి పరకాల నుంచి, నర్సంపేట నుంచి, కాజీపేట నుంచి అందరూ ఏడు, ఎనిమిది మధ్యలోనే దిగారు. గుంపు కావొద్దని పెట్టిన టైమే మా ఇంటి ముందు గుంపును చేసింది. కూరగాయల దగ్గర, కిరాణా షాపుల దగ్గర, వైన్స్ ముందు ఆ నాలుగు గంటల్లో ఏం జరిగేదో అందరం చూశాం. చావు ఇంట్లోనూ అంతే.

ఎనిమిదిన్నరకు ఒక కానిస్టేబుల్ వచ్చాడు. నేను పేర్ల కాగితం చూపించబోయాను. ఆయన చూడలేదు. "అమ్మా, నేను ఒక్కసారి చూస్తే ఇరవై మంది కంటే ఎక్కువ కనబడొద్దు, అంతే" అన్నాడు. రాత్రంతా మేం కొట్లాడుకున్న ప్రశ్నకు జవాబు అదీ. మా గల్లీ పిల్లలు అర్థం చేసుకున్నారు. మూల మీద నిలబడి వచ్చినవాళ్ళను అక్కడే ఆపి, ఐదుగురు ఐదుగురిని పంపారు. వాళ్ళు పోతేనే తర్వాతి వాళ్ళు. డిగ్రీ చదివే పిల్లలు, ఎవరూ చెప్పకుండానే చేశారు. మాస్కులు గడ్డం కింద ఉన్నవాళ్ళను పైకి లాక్కోమన్నారు. వాళ్ళు పెద్దలతో అట్లా మాట్లాడటం కొందరికి నచ్చలేదు, నాకు మాత్రం వాళ్ళ కాళ్ళు మొక్కాలనిపించింది.

మరో మనిషి గురించి తప్పక రాయాలి. మా గల్లీ ఆశా కార్యకర్త. మే మొదట్లో ఇంటింటి జ్వరం సర్వే చేసినప్పుడు మా ఇంటికి వచ్చి అందరి వివరాలు రాసుకొని పోయింది. పొద్దున్నే విషయం తెలిసి వచ్చి, రిజిస్టర్ తెరిచి, గల్లీ మధ్యలో నిలబడి గట్టిగా చెప్పింది: "ఈళ్ళింట్ల ఎవ్వలకు జరం లేదు, దగ్గు లేదు. నేనే రాసుకున్న. పెద్దాయన పక్షవాతంతోనే పోయిండు." నేను రాత్రి నుంచి చెప్తున్న మాటే. నేను చెప్తే నమ్మనివాళ్ళు ఆమె చెప్తే నమ్మారు. పది నిమిషాల్లో ఎదురింటి నుంచి చాయ్ వచ్చింది. పక్కింటి వదినె వచ్చి అమ్మ దగ్గర కూర్చుంది. దూరంగా నిలబడ్డవాళ్ళను నేను రాతి గుండెల వాళ్ళనుకున్నాను. వాళ్ళకు కావలసింది నమ్మకమైన ఒక మాట. ఆ మాట చెప్పిన ఆమెకు వచ్చే జీతం ఎంతో అందరికీ తెలుసు.

అమ్మ గురించి ఎట్లా రాయాలో తెలియడం లేదు. మా దిక్కు చావంటే ఆడవాళ్ళు మెడల మీద పడి ఏడుస్తారు. వచ్చే ప్రతి మనిషీ అమ్మను పట్టుకోవాలి, పోయినాయన గుణాలు రాగం తీసి చెప్పి ఏడ్వాలి, అమ్మ కూడా ఏడ్వాలి. ఆ పొద్దున వచ్చినవాళ్ళు చేతులు జోడించి, దూరం నుంచి కళ్ళు తుడుచుకొని పోయారు. రూలు ప్రకారం అదే సరైనది. మాస్కు మీద కళ్ళే కనబడుతుంటే ఎవరొచ్చారో అమ్మకు సరిగా తెలియలేదు. "నీ పేరేంది బిడ్డా" అని సొంత మేనకోడలినే అడిగింది. కాసేపటికి నాతో "ఒక్కలన్న పట్టుకోని ఏడ్వకపాయెనే, నేనేం పాపం జేసిన" అన్నది. నాకు నోట మాట రాలేదు.

తొమ్మిదింటికి పెద్దమ్మ వచ్చింది. డెబ్బై దాటింది, షుగరు ఉంది. గేటు దగ్గరే నిలబడతానని కోడలికి మాటిచ్చి బయల్దేరిందట. అమ్మను చూసింది, మాస్కు తీసి కొంగుతో ముఖం తుడుచుకొని నేరుగా వచ్చి పట్టుకుంది. ఇద్దరూ కింద కూలబడి ఏడ్చారు. గల్లీ పిల్లలు నా ముఖం చూశారు. ఆపాలని నాకు తెలుసు. ఆపలేదు. ఈ రోజు అడిగినా ఆపేదాన్ని కాదనే చెప్తాను.

చిన్నాయన సంగతి వేరు. 2020 మార్చిలో ఆయన ఊళ్ళో అడ్డంగా ముళ్ళకంపలు వేసి, బయటివాళ్ళను రానివ్వకుండా కట్టె పట్టుకొని కాపలా కాసిన మనిషి. అప్పుడు రేషన్ కార్డుకు 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు, అందరం ఇంట్లో కూర్చున్నాం, ఆయన మా కంటే గట్టిగా కూర్చున్నాడు. ఆ మనిషి ఈసారి మాస్కు జేబులో పెట్టుకొని తిరిగాడు. నేను వేసుకోమంటే అందరి ముందూ అన్నాడు: "నెల కింద కార్పొరేషన్ ఓట్లప్పుడు ఈ గల్లీల జెండలు పట్టుకోని ఎంతమంది తిరిగిండ్రు? అప్పుడు రాని కరోనా మా అన్నను సూడవస్తెనే వచ్చిందా?" ఏప్రిల్ 30న ఓట్లు, మే 3న లెక్కింపు, 12 నుంచి లాక్‌డౌన్. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. మా వైపు రూల్స్ మీద గౌరవం పోయింది ఆ పదిహేను రోజుల్లోనే అని నేనూ అంటాను. కానీ ఓట్లప్పుడు గుంపులు తిరిగితే ఎంతమంది పడకల్లో పడ్డారో మన కళ్ళతో చూశాం కదా చిన్నాయనా, అది చూసి మాస్కు తీసేయడం ఏం న్యాయం అన్నాను. ఆయన వేసుకున్నాడు. ఒప్పుకొని కాదు, అన్న శవం ముందు గొడవ ఎందుకని.

పావు తక్కువ పదికి పోలీస్ బండి సైరన్ వినబడింది. గల్లీ అంతా ఒక్కసారి కదిలింది. బండ్లు స్టార్ట్ చేసిన చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. చావు ఇంట్లో పోయొస్తామని ఎట్లాగూ చెప్పరు, కానీ అంత తొందరలో ఎవరూ పోరు. మా మేనమామ ఒక్కడు అమ్మను వదిలి పోలేక పది దాటాక బయల్దేరాడు. చౌరస్తాలో బండి ఆపారు. చావు అని చెప్పినా కాగితం లేదు కదా అన్నారట. బండి స్టేషన్‌లో పెట్టారు, ఆయన ఎండలో నడిచి పోయాడు. డాక్టర్ కాగితం ఫోటో అందరి ఫోన్లలోకి పంపి ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నాం. మీరు ఆ పని చేయండి, చూపిస్తే వదిలిపెట్టిన పోలీసులూ ఉన్నారు, మా వియ్యంకులను అట్లాగే వదిలారు.

తమ్ముడు రెండున్నరకు చేరాడు. ఎవరూ ముట్టుకోవద్దని వాడే ముందు అరిచి చెప్పాడు, మహారాష్ట్ర నుంచి వస్తున్నానని. తలారా స్నానం చేసి, మాస్కు కట్టుకొని, గ్లాసు డబ్బాలో ఉన్న బాపు ముఖం చూశాడు. నాలుగింటికి బయల్దేరాం. ఆ టైములో బయటివాళ్ళు రాలేరు కాబట్టి గల్లీవాళ్ళు, ఇంటివాళ్ళే మిగిలారు. ఇరవై కూడా లేరు. రాత్రంతా రాసిన పేర్లలో సగం మంది శ్మశానానికి రాలేకపోయారు. రావద్దన్న మిల్లు స్నేహితుడు మాత్రం నడుచుకుంటూ వచ్చి, చివరి దాకా దూరంగా నిలబడ్డాడు. డప్పు లేదు.

శ్మశానంలో మా ముందు ఇంకా శవాలు ఉన్నాయి. తెల్ల సూట్లు వేసుకున్న మనుషులు ఒక పక్క కోవిడ్ శవాలు దించుతున్నారు, వాళ్ళ వెంట ఇంటివాళ్ళు ఇద్దరో ముగ్గురో. అవి చూశాక మాకు దక్కింది ఎంత ఎక్కువో అర్థమైంది. గంటన్నర ఆగాం. కట్టెలకు, మనుషులకు కలిపి 9,000 అయింది. బండికి 4,000.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి నలుగురమే పోయాం. అస్థికలు కాళేశ్వరం తీసుకుపోవాలని బాపు కోరిక. ఆరింటికి బయల్దేరి పదింటికి తిరిగి రావడం అయ్యే పని కాదు. కుండ శ్మశానంలోనే చెట్టుకు కట్టి వచ్చాం. పదకొండు రోజుల్లోపు కలపకపోతే దోషమని ఒకరు, ఏం కాదని ఇంకొకరు. పంతులు మాత్రం "రోజులు బాగలేవు, వీలైనప్పుడు కలపండి" అన్నాడు. జూన్ 10 నుంచి సాయంత్రం 5 దాకా సడలించాక పోయి గోదావరిలో కలిపాం. ఘాట్ మీద మాలాగే ఆలస్యంగా వచ్చినవాళ్ళు చాలామంది కనబడ్డారు.

దినం జూన్ 3న. అప్పటికి సడలింపు మధ్యాహ్నం ఒంటిగంట దాకా పెంచారు. ఆ మూడు గంటలు పెరిగేసరికి మనుషుల మాటే మారింది. మే 25న భయపడి రానివాళ్ళు కూడా "ఇప్పుడేం లేదు కదా, భోజనానికి వస్తం" అని ఫోన్లు. వారం రోజుల్లో రోగం పోలేదు, టైము పెరిగింది, అంతే. నేను, తమ్ముడు గట్టిగా నిలబడ్డాం. ఇంట్లో కూర్చోబెట్టి పెట్టేది లేదు, పార్సిళ్ళు పంపుతాం అన్నాం. వంటాయన ఒక్కో పార్సిల్‌కు 130 తీసుకొని 60 కట్టాడు, 7,800 అయింది. బియ్యం మావే. నేను ప్రైవేటు స్కూల్ టీచర్‌ను, మార్చిలో స్కూళ్ళు మూశాక ప్రభుత్వం ఇచ్చిన 25 కిలోల బియ్యం అందులో పోశాం. చిన్నాయన కొడుకులు బండ్ల మీద ఇల్లిల్లూ తిరిగి ఇచ్చారు. కొందరు గేటు మీద పెట్టి పొమ్మన్నారు. ఒకరింట్లో "పార్సిల్ దినం ఎక్కడన్నా ఉంటదా" అని తిప్పి పంపారు. మామ మాత్రం అమ్మకు పుట్టింటి చీర తెచ్చాడు, బండి లేదు కదా, ఆటోలో.

ఆ తర్వాత నాకు నిద్ర లేదు. ఎవరికి జ్వరమొస్తుందోనని రోజూ ఫోన్లు చేసేదాన్ని. పెద్దమ్మ ఫోన్ ఎత్తడం మానేసింది. కోడలు "పండుకున్నది, స్నానం చేస్తున్నది" అని చెప్పేది. జూన్ మధ్యలో అసలు సంగతి తెలిసింది. చావుకు వచ్చిపోయిన వారానికి ఆమెకు పాజిటివ్ వచ్చింది. ఒక గదిలో ఉంది, ఆశా కార్యకర్త మందుల కిట్టు ఇచ్చింది, తగ్గింది. మా ఇంట్లోనే అంటుకుందో, వాళ్ళూళ్ళోనో ఎవరూ చెప్పలేరు. "మా చెల్లెకు చెప్పద్దు, నా మీద పడి ఏడ్చినందుకే వచ్చిందని కుమిలి సస్తది" అని ఆమే అందరితో ఒట్టు వేయించుకుందట. చెప్పి ఉంటే ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళమంతా టెస్టు చేయించుకునేవాళ్ళం. ప్రేమతో దాచింది, కానీ ఆ దాచడం వల్ల మా గల్లీలో ఇంకో ముసలామెకు ఏమన్నా అయ్యుంటే? ఈ మాట పెద్దమ్మతో అన్నాను. ఆమె నొచ్చుకుంది. అయినా అనక తప్పలేదు.

అమ్మకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మామ బండి చలానా కట్టాక చేతికి వచ్చింది. మరణ ధ్రువీకరణకు మాత్రం ఆలస్యం చేయకండి, 21 రోజుల్లోపు నమోదు చేయించుకోవాలి. మేం దినం అయిన మరునాడే దరఖాస్తు పెట్టాం.

జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశాక, అప్పుడు రానివాళ్ళంతా ఇప్పుడు వస్తున్నారు. రోజుకు ఇద్దరు ముగ్గురు. అమ్మ ప్రతి ఒక్కరితోనూ మొదటి నుంచి చెప్పుకొని ఏడుస్తోంది. ఆమెకు అది కావాలి. మే నెలలో జరగనిది జూన్‌లో జరుగుతోంది. వరండాలో కుర్చీలు వేశాను, మాస్కు ఉంటేనే కూర్చోమంటున్నాను. ఎత్తేసినాక ఇంకా ఏందని చిన్నాయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆయనకు జవాబు నేను చెప్పలేదు. పక్కనే ఉన్న పెద్దమ్మ చెప్పింది, "కుర్చి దూరం జరుపుకో మరిదీ" అని.